గార్డ్‌లోకి గుంజుడు ఎట్ల? పట్టు, పాదం, పిర్ర

మొన్న శనివారం మా జియు-జిత్సు క్లాస్‌ల, ఎవరితోనైనా ఆడుకునే ఓపెన్ మ్యాట్‌ల ఒక తమ్ముడు, చేరి మూడు నెలలు అయితున్నట్టుంది, రౌండ్ మొదలైందో లేదో రెండు చేతులతోని నా గల్లా దొరకబట్టి ధబీమని కింద కూసున్నడు. ఇంకేముంది, కింద ఆయన, పైన నేను, ఆయన కాళ్లు పక్కకు తోసి నడుచుకుంట పోయి ఛాతీ మీద కూసున్న, మొత్తం 5 సెకన్లు కూడా పట్టలే. లేచినంక "అన్నా, గార్డ్ పుల్ చేసిన గానీ వర్కవుట్ కాలే" అన్నడు. నాకు నవ్వొచ్చింది, ఆయన్ని చూసి కాదు, అచ్చం ఇదే మాట ఏడేండ్ల కింద నేను మా కోచ్‌తోని అన్న. అప్పుడు ఆయన అన్నది ఒకటే ముక్క: "నువ్వు గార్డ్‌లోకి గుంజలే, ఊకె కూసున్నవ్."

గార్డ్ అంటే కింద ఉండి కాళ్లను ఎదుటోనికి అడ్డం పెట్టి ఆడుడు, వాణ్ణి పట్టి మీదికి తెచ్చుకుంట అండ్లకు దిగుడే గుంజుడు. గుంజుడుకు, కూసునుడుకు ఉన్న తేడా అర్థం కానీకి నాకు రెండేండ్లు పట్టింది, మీకు అంత పట్టొద్దని ఇది రాస్తున్న. (మ్యాట్ మీద మీరు, గారు నడవవు కాబట్టి ఇక్కడ్నుంచి "నువ్వు" అనే రాస్త, ఏమనుకోకుర్రి. ఎదుటోడు అని రాసిన దగ్గర ఎదుటామె అని కూడా చదువుకోండి, మా క్లాస్‌ల నన్ను ఎక్కువసార్లు స్వీప్ చేసింది, అంటే కింద నుంచి తిప్పేసి మీదికి వచ్చింది, ఒక అక్కనే.)

అసలు కావాలని కింద పడుడు ఎందుకు

మన హైదరాబాద్ల ఈ ప్రశ్న రానే వస్తది, ఎందుకంటే పాతబస్తీ తాలింల నుంచి వచ్చిన కుస్తీ మన రక్తంల ఉంది, కుస్తీల వీపు నేలకు ఆనిందంటే చిత్, ఆట ఖతం. మా బిల్డింగ్ దగ్గర ఒక పెద్దమనిషి ఉంటడు, వయసుల ఉన్నప్పుడు కుస్తీ పట్టినోడు, ఒకరోజు మనవణ్ణి దింపనీకి వచ్చి మా క్లాస్ చూసి "ఇదేం ఆట బిడ్డా, ఓడిపోయినంక మొదలు పెడతున్రు" అన్నడు. ఆయన లెక్క ప్రకారం కరెక్టే. గానీ జియు-జిత్సుల వీపు నేల మీద ఉంటే ఓటమి కాదు, ఎదుటోడు నీ కాళ్లను దాటి వస్తే కష్టం మొదలైతది. కాళ్లు ఇద్దరి మధ్యల ఉన్నంతసేపు నువ్వు ఆటల ఉన్నట్టే, దాన్నే గార్డ్ అంటరు.

ఇది బ్రెజిల్ల పుట్టిన ఆలోచన కూడా కాదు. జపాన్ల 1914ల మొదలైన కోసెన్ జూడో అని కాలేజీ పిల్లల పోటీలు ఉండేటివి, అండ్ల పడగొట్టకుండ నేరుగా కిందికి గుంజుకోవచ్చు, దాన్ని హికికోమి అనేటోళ్లు. అదే 1914ల మిత్సుయో మయేడా అనే జూడో ఆయన బ్రెజిల్ చేరుకున్నడు, ఆయన దగ్గర్నుంచి బ్రెజిలియన్ జియు-జిత్సును తయారు చేసిన గ్రేసీ కుటుంబానికి ఈ విద్య వచ్చింది. ఇగ 1994 డిసెంబర్ల యూఎఫ్‌సీ 4 అనే ఫైటింగ్ పోటీ ఫైనల్ల రాయిస్ గ్రేసీ తనకంటే 35 కిలోలకు పైనే బరువున్న రెజ్లర్ డాన్ సెవర్న్ కింద పావుగంట పడి ఉండి, లాస్ట్‌కు కింద నుంచే ట్రయాంగిల్ పెట్టి, అంటే కాళ్లతోని మెడ బిగించి, ట్యాప్ చేయించిండు (ఓటమి ఒప్పించిండు). అది గుంజుడు కాదు, సెవర్నే పడగొట్టిండు, గానీ కింద ఉన్నోడు ఓడినట్టు కాదు అని లోకానికి అర్థమైంది అట్లనే.

నా మటుకు కారణం ఇంకా సింపుల్. నేను 64 కిలోలు, 31 ఏండ్లకు మొదలు పెట్టిన, కాలేజీల జూడో ఆడొచ్చిన పిల్లలతోని నిలబడి కొట్లాడితే వాళ్లు నన్ను ఎత్తి ఎక్కడ కావాలంటే అక్కడ పెడతరు. ఎట్లాగూ కిందికి పోవాలె కదా, పోయేదేదో నా పట్టుతోని, నా టైముకు, నాకు నచ్చిన జాగల పోతే మంచిది. అట్లని ఇది ఫ్రీ కాదు. గార్డ్‌లోకి గుంజితే నీకు ఒక్క పాయింట్ కూడా రాదు, పైనోడు నీ గార్డ్ దాటితే మాత్రం వానికి 3. అప్పు తెచ్చుకున్నట్టు అనుకో, వడ్డీ నువ్వు కూసున్న సెకన్ నుంచే మొదలైతది.

ముందు పడుడు నేర్చుకో

దీని మీద ఎక్కువ రాయ, గానీ దాటేయకు. వెనుకకు పడేటప్పుడు గదవ ఛాతీకి ఆనాలె, వీపు గిన్నె లెక్క గుండ్రంగ ఉండాలె, చేతులు వెనుక ఆనిచ్చే అలవాటు ఉంటే ఇయ్యాలనే మానుకో, మణికట్టు, మోచెయ్యి పోయేది అట్లనే. ఇంట్ల పల్చటి యోగా మ్యాట్ మీద, టైల్స్ మీద ట్రై చేయకు. గోళ్లు కత్తిరించుకొని రా. వానాకాలం గీ (మనం తొడిగే జాకెట్, ప్యాంటు) సరిగ్గ ఎండకుండ తడితడిగ తొడుక్కొని వస్తే తామర నీకే కాదు క్లాస్ మొత్తానికి అంటుకుంటది.

పట్టు

టైటిల్ల మూడు "ప"లు ఉన్నయి కదా, ఆర్డర్ ముఖ్యం. ముందు పట్టు, తర్వాత పాదం, ఆఖరుకు పిర్ర. మొదటి రోజుల్ల అందరం ఉల్టా చేస్తం, ముందు పిర్ర దించుతం, తర్వాత కాళ్లు ఎక్కడ పెట్టాల్నో వెతుకుతం, ఆ వెతికే లోపల ఎదుటోడు దాటి పోతడు.

కుడిచేతి వాటం ఉన్నోళ్ల కోసం చెప్తున్న, ఎడమ వాటం అయితే అద్దంల చూసినట్టు మార్చుకో. నీ కుడి చెయ్యి ఎదుటోని కుడి గల్లా మీదికి పోవాలె, అంటే అడ్డంగ దాటిపోయి పట్టాలె, నాలుగు వేళ్లు లోపల, బొటనవేలు బయట, వాని కాలర్ ఎముక దగ్గర. కొత్తోళ్లు ఛాతీ దగ్గర కింద పడతరు, అక్కడ పడితే బట్ట వస్తది, మనిషి రాడు. మెడకు ఎంత దగ్గర ఉంటే తలకాయ అంత నీ చేతిల ఉంటది, తలకాయ ఎటు పోతే ఒళ్లు అటు పోతది, ఎడ్లను తోలినోళ్లకు కొత్తగ చెప్పనక్కర్లేదు.

ఎడమ చెయ్యి వాని కుడి చేతి స్లీవ్ మీద, మణికట్టు దగ్గర బట్టను నాలుగు వేళ్లతోని పిడికిట్ల కుచ్చులాగ ముడుచుకో. స్లీవ్ లోపలికి వేళ్లు దూర్చకు, పోటీల ఫౌల్, వేళ్లు విరిగేది కూడా అట్లనే. ఈ స్లీవ్ ఎందుకంటే, రేపు వాడు పడేటప్పుడు ఆ కుడి చెయ్యి నేలకు ఆనిచ్చి ఆపుకోవద్దు. గల్లా గుంజేది, స్లీవ్ తాళం వేసేది. ఒక్క గల్లా పట్టుతోని పోయినవనుకో, వాడు ఖాళీ చేత్తోని నీ ప్యాంటు మోకాలు దగ్గర పట్టి పక్కకు ఇసిరేస్తడు. రెండు చేతులతోని గల్లానే పట్టినా అదే కథ, మన తమ్ముడు చేసింది అదే.

ఇంకొక్క ముచ్చట. పట్టు దొరకంగనే గుంజకు. పట్టు దొరికినంక మోచేతులు నీ పక్కటెముకలకు దగ్గరకు తెచ్చుకో, చేతులు చాపి గుంజితే భుజాలు అలసిపోతయి, మోచేతులు దగ్గర పెట్టి ఒళ్లుతోని గుంజితే బరువు పని చేస్తది. మరి వాడు నీ పట్టు విడిపించుకుంటే? మళ్ల పట్టు. రౌండ్ల సగం ఇదే నడుస్తది, బేజారు పడకు, పట్టు లేకుండ మాత్రం కూసోకు.

ఢీల్ ఇచ్చి గుంజు

నిజమైన విద్య ఇక్కడ ఉంది, వీడియోలల్ల ఇది సరిగ్గ కనపడదు ఎందుకంటే చేసేటోనికి అలవాటై చిన్నగ చేస్తడు.

సంక్రాంతికి బిల్డింగ్ మీద పతంగి ఎగరేసినవ్ కదా. ఊకె గుంజుకుంట ఉంటే మాంజా తెగుతది, ముందు ఢీల్ ఇస్తవ్, పతంగి ముందుకు పోతది, అప్పుడు గుంజితే మస్తు వస్తది. మనిషి కూడా అంతే. నిలబడ్డ మనిషిని నేరుగ గుంజితే వాడు వెంటనే వెనుకకు ఒరిగి పిర్రలు దించుకొని గట్టిగ నిలబడతడు, ఆలోచించి చేసేది కాదు అది, ఒళ్లే చేస్తది. అప్పుడు నువ్వు కూసున్నా వాని బరువు వాని దగ్గరనే ఉంటది, నీ మీదికి రాదు. అందుకే ముందు తోయాలె. గల్లా పట్టిన పిడికిలితోని ఛాతీ మీద ఒక తోపు, గట్టిగ కాదు, తలుపు పడిందా లేదా అని చూసినంత. వాడు తిరిగి నీ మీదికి తోస్తడు. ఆ తిరిగి తోసే క్షణమే నీ టైము.

ఇంకో దారి, వాణ్ణి నడిపించుడు. నువ్వు వెనుకకు రెండడుగులు, పక్కకు ఒకటి వేసుకుంట తిరుగు, వాడు వెంట వస్తడు, వాని కుడి కాలు లేచి ఇంకా నేలకు పూర్తిగ ఆనని సమయంల గల్లాను కిందికి, నీ కుడి జేబు వైపుకు గుంజు. పైకి కాదు, నీ మొహం వైపుకు కూడా కాదు. జేబు వైపుకు. ఒక్క కాలు మీద ఉన్నోడు వెనుకకు ఒరగలేడు, ముందుకు రావాల్సిందే.

కబడ్డీల రెయిడర్‌ను పట్టేటోళ్లను చూడు, వాడు లైన్ దిక్కు తిరిగి అడుగు వేసే టైముకే మడిమ అందుకుంటరు, నిలకడగ ఉన్నప్పుడు కాదు. టైమ్ అదే, కాకపోతే ఇక్కడ ఎదుటోడు పారిపోతలేడు, మీదికి వస్తున్నడు.

వాడు అసలు తోయడు, రాడు, పూర్తిగ వెనుకకు ఒరిగి పిర్రలు దూరం పెట్టి నిలబడ్డడు అనుకో? అయితే ఆ టైముకు గార్డ్ గుంజుడు వద్దు. అట్ల ఒరిగినోని ముందు కాలు బరువు లేకుండ తేలికగ ఉంటది, గల్లా పట్టి కిందికి వంచి ఆ మడిమ అందుకుంటే వాడే వెనుకకు పడతడు, నీకు 2 పాయింట్లు. గుంజుతవని భయం ఉన్నోడే అట్ల ఒరుగుతడు కాబట్టి ఈ రెండూ జంటగ నేర్చుకోవాలె.

పాదం

గుంజినవ్, వాడు ముందుకు వచ్చిండు. ఇప్పుడు స్లీవ్ పట్టిన దిక్కు, అంటే నీ ఎడమ పాదం వాని కుడి నడుము ఎముక మీద పెట్టాలె. బెల్టు ముడి పక్కన, తొడ మొదలయ్యే దగ్గర ఒక గుంత ఉంటది చూడు, పాదం అండ్ల కుదురుతది. పొట్ట మీద పెడితే జారుతది, తొడ మీద పెడితే వాడు చేత్తోని కొట్టేస్తడు. కాలి వేళ్లు కొంచెం బయటికి తిప్పి పెట్టు.

ఈ పాదం తన్ననీకి కాదు. నువ్వు దిగేటప్పుడు ఆనుకునే మెట్టు అది, వాడు మోకాలు ముందుకు తోసి నీ తొడ మీదినుంచి జారి రాకుండ అడ్డం కూడా అదే. చేతులతోని నీ దిక్కు గుంజుతున్నవ్, పాదంతోని జరంత దూరం పెడుతున్నవ్, ఈ రెండిట్ల వాడు వంగిపోతడు కానీ మీద పడలేడు. వంగినోడు గార్డ్ దాటలేడు, దాటాలంటే నడుము నిటారుగ కావాలె.

అప్పటికి నీ కుడి కాలు ఇంకా నేల మీదనే ఉంది, గుర్తుంచుకో. ఆ కుడి పాదం వాని రెండు పాదాల మధ్యకు దగ్గరగ వచ్చి ఉండాలె. ఇది చిన్న విషయం లెక్క కనపడ్తది గానీ నేను ఏడాది పాటు తప్పు చేసింది ఇక్కడనే, దూరం నుంచి కూసునేటోణ్ణి.

పిర్ర

ఇప్పుడు కూసో. పడకు, కూసో. గొంతుక్కూసున్నట్టు కుడి మోకాలు వంచుకుంట దిగి, పిర్ర నీ కుడి మడిమ పక్కనే ఆనాలె. మడిమకు, పిర్రకు మధ్య జానెడు కంటే ఎక్కువ ఉందంటే నువ్వు వెనుకకు పడ్డవని లెక్క. వాని కాళ్ల దగ్గర కూసుంటే నీ బరువు మొత్తం గల్లా మీద వేలాడుతది, 64 కిలోల సంచి మెడకు కట్టినట్టు, ఎంత గట్టి మనిషైనా వంగుతడు. దూరంగ కూసుంటే నీ బరువు నేల మోస్తది, వాడు మోయడు, ఇగ ఏం గుంజినట్టు?

పిర్ర ఆనంగనే వీపు మీదికి గుండ్రంగ ఒరుగు, ఆ ఒరిగే ఊపుతోనే ఇంకోసారి గుంజు. కుడి కాలు లేచి వాని ఎడమ చంక కిందికి, వీపు మీదికి ఎక్కాలె. వాడు వంగి మీదికి వచ్చినంక ఎడమ పాదం నడుము మీదినుంచి జారి వీపు వెనుకకు పోయి రెండు కాళ్లు మడిమల దగ్గర కట్టెయ్యి. క్లోజ్డ్ గార్డ్.

సరిగ్గ చేసినవా లేదా ఎట్ల తెలుస్తది? నాకు పనికొచ్చిన పరీక్ష ఒకటే ఉంది: నువ్వు కిందికి వచ్చినంక వాని ఖాళీ చెయ్యి గానీ మోకాలు గానీ మ్యాట్‌కు తాకిందా? తాకితే నువ్వు గుంజినట్టు. వాడు రెండు కాళ్ల మీద నిటారుగ నిలబడి పైనుంచి నిన్ను చూస్తున్నడంటే నువ్వు కూసున్నట్టు. ఇంతే. కాళ్లు కట్టినవా, ఏ గార్డ్ వచ్చింది, అవన్నీ తర్వాత.

కిందికి వచ్చినంక

చాయ్ తాగనీకి రాలే మనం. కాళ్లు కట్టి "హమ్మయ్య" అని ఒక్క ఊపిరి తీసుకుంటవ్ చూడు, అదే ఊపిరిల వాడు రెండు చేతులు నీ ఛాతీ మీద పెట్టి నడుము నిలబెడతడు, ఇగ వాణ్ణి మళ్ల వంచనీకి నీ బలం సగం పోతది. గుంజిన ఊపు ఉండంగనే మోకాళ్లు నీ ఛాతీ దిక్కు తెచ్చుకో, కాళ్లతోనే వాణ్ణి ముందుకు తెచ్చినట్టు, చేతులు అప్పటికే పట్టుల ఉన్నయి.

ఇక్కడ్నుంచి నేను మొదట నేర్పేది కత్తెర స్వీప్, సిజర్ స్వీప్ అంటరు, ఎందుకంటే పట్టు మార్చే పనే లేదు, నిలబడి పట్టిన గల్లా, స్లీవ్ అవే సరిపోతయి. కాళ్లు విప్పి, పిర్రను కొంచెం పక్కకు జరిపి, కుడి మోకాలు చిప్ప కింది ఎముక వాని పొట్ట మీద అడ్డంగ పెట్టు, ఎడమ కాలు నేల మీద వాని కుడి మోకాలు పక్కన పడుకోబెట్టు. గల్లా గుంజి వాని బరువు నీ మీదికి తెచ్చుకొని, బరువు వచ్చినంకనే, పై కాలు నీ ఎడమ దిక్కుకు, కింది కాలు కుడి దిక్కుకు, కత్తెర లెక్క కొయ్యి. వాడు తన కుడి దిక్కు పడతడు, ఆ చెయ్యి నీ దగ్గర తాళం వేసి ఉంది కాబట్టి ఆనిచ్చుకోలేడు. నువ్వు మీదికి వస్తవ్, 2 పాయింట్లు, చాలాసార్లు నేరుగ మౌంట్‌లకే (వాని మీద ఎక్కి కూసునుడు) వస్తవ్, అప్పుడు ఇంకో 4.

వాడు స్వీప్‌కు భయపడి బరువు వెనుకకు వేస్తే? కుడి చెయ్యి ఆల్రెడీ గల్లాల లోతుకు ఉంది, రెండో చెయ్యి కూడా ఇంకో గల్లాలకు పంపి క్రాస్ చోక్ (రెండు గల్లాలతోని మెడ బిగించుడు) అడుగు. రాకపోయినా వాడు మెడ కాపాడుకోనీకి చేతులు పైకి తెస్తడు, మళ్ల స్వీప్‌కు దారి దొరుకుతది. ఒక ఏడాది ఈ రెండే చేసినా తక్కువ కాదు. యూట్యూబ్‌ల 40 గార్డులు ఉన్నయి, నీకు అన్నీ వద్దు.

గీ లేకుంటే, వేరే గార్డులైతే

నో-గీల గల్లా లేదు, మే నెలల మా బేస్‌మెంట్‌ల అయితే చెమటకు చేతులు సబ్బు రాసుకున్నట్టు ఉంటయి. అక్కడ ఒక చెయ్యి మెడ వెనుక, ఇంకోటి మోచెయ్యి పైన చెయ్యి వెనుక పట్టి, అదే తోపు అదే గుంజుడు, కూసునేటప్పుడు ఒక పాదం వాని రెండు కాళ్ల మధ్యకు పంపి తొడ కింద కొక్కెం వేస్తే బటర్‌ఫ్లై గార్డ్. పూర్తిగ పడుకోకు, తల వాని ఛాతీకి ఆనిచ్చి కూసొనే ఉండు. మార్సెలో గార్సియా మ్యాచులు చూడు, 77 కిలోల లోపు తరగతిల 4 సార్లు ఏడీసీసీ (నో-గీల పెద్ద పోటీ) గెలిచిండు, కూసొని ఆర్మ్ డ్రాగ్ కొట్టి (చెయ్యి పట్టి పక్కకు గుంజి) వెనుకకు పోయేది ఆయన దగ్గరే నేర్చుకోవాలె.

ఎదుటోడు ఒక కాలు బాగ ముందుకు పెట్టి నిలబడేటోడైతే క్లోజ్డ్ గార్డ్ కంటే డి లా రీవా తేలిక: వాని కుడి కాలు ముందుంటే నీ ఎడమ కాలు బయటి నుంచి దానికి చుట్టి, ఎడమ చేత్తోని ఆ మడిమ దగ్గర ప్యాంటు పట్టు, కుడి పాదం ఇంకో నడుము మీద. రికార్డో డి లా రీవా పేరు మీద వచ్చింది ఇది. మోకాళ్లు గట్టిగ ఉన్నోళ్లకే ఇది చెప్తా, నా వయసుల ఉన్నోళ్లకు హాఫ్ గార్డ్ (వాని ఒక్క కాలునే నీ కాళ్ల మధ్యల పట్టుడు) చాలు.

ఎగిరి పట్టకు

ఎగిరి వాని నడుముకు కాళ్లు చుట్టే జంపింగ్ గార్డ్ ఉంది చూడు, సినిమాటిక్‌గ ఉంటది. వద్దు. నేను వైట్ బెల్ట్‌ల (మొదటి మెట్టు) ఉన్నప్పుడు ఒకసారి ఎగిరిన, పార్ట్‌నర్ అప్పుడే బరువు ఒక కాలు మీదికి మార్చిండు, నా బరువు మొత్తం పక్క నుంచి వాని మోకాలు మీద పడ్డది. చప్పుడు ఇప్పటికీ యాదికొస్తది. ఆరు నెలలు వాడు మ్యాట్ ఎక్కలే, సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి కర్ర పట్టుకొని మెట్రోల పోయిండు, వాడు ఒక్క మాట అనకపోవుడు ఇంకా కష్టమనిపించింది. ఐబీజేజేఎఫ్ (జియు-జిత్సు పోటీలు పెట్టే పెద్ద సంస్థ) రూల్స్‌ల వైట్ బెల్ట్‌లకు ఎగిరి గార్డ్ పట్టుడు బంద్, బంద్ కాకపోయినా చేయకు. పాదం వాని నడుము మీద పెట్టి దిగేదాంట్ల నీ బరువు నిలువుగ కిందికే పోతది, వాని మోకాలుకు పక్క నుంచి తగలదు.

వాడు ఊకుంటడా

ఊకోడు. నాకు ఎక్కువ ఎదురైనవి రాస్త.

నువ్వు కూసునే టైముకు మోకాలు అడ్డంగ కోసుకుంట వచ్చేటోడు ఒకడు ఉంటడు. వీనికి మందు ఎడమ పాదమే, నడుము మీద ముందే పెట్టి ఉంటే మోకాలు రాదు. పాదం ఆలస్యమైందంటే మోకాలు వచ్చేసింది, ఇగ గుంజుడు మర్చిపోయి వాని చంక కింద చెయ్యి దూర్చి హాఫ్ గార్డ్ కాపాడుకో.

రెండు ప్యాంటు మడతలు పట్టి కాళ్లను పక్కకు ఇసిరేటోడు. వానికి రెండు చేతులు ఖాళీ ఉన్నయంటే నీకు స్లీవ్ పట్టు లేదని అర్థం. మళ్ల మొదటి అడుగుకు పో.

ఎత్తేటోడు. నువ్వు కాళ్లు కట్టినంక నిన్ను లేపి నిలబడతడు. ఐబీజేజేఎఫ్ల ఎత్తి నేలకేసి కొట్టుడు నిషేధం, గానీ క్లాస్‌ల ఆవేశం మీద ఉన్న 90 కిలోల కొత్త పిల్లగానికి ఆ సంగతి తెల్వకపోవచ్చు. లేపుతున్నడనంగనే కాళ్లు విప్పి, వాని మడిమ లోపలి నుంచి చెయ్యి వేసి పట్టుకొని దిగు. మొండికేసి వేలాడకు.

నీతోపాటే కూసునేటోడు కూడా ఉంటడు, ఇది లైట్ వెయిట్‌లల్ల మస్తు. ఇద్దరు కూసొని ఒకరి కాళ్లు ఒకరు చూసుకుంట ఉంటే రెఫరీ 20 సెకన్లు లెక్క పెడతడు, ఏం కాకుంటే ఇద్దరికీ పెనాల్టీ వేసి లేపుతడు. ముందు లేచి మీదికి వచ్చినోనికి అడ్వాంటేజ్ (పాయింట్లు సమానమైతే పనికొచ్చేది). నా సలహా, లెవ్వు. ఎదుటోడు ఆల్రెడీ కింద ఉన్నడు, పైకి పోయే అవకాశం బంగారం లెక్క దొరికింది.

పోటీకి పోయేటోళ్లకు

ఐబీజేజేఎఫ్ పద్ధతిల అడల్ట్ వైట్ బెల్ట్ మ్యాచ్ 5 నిమిషాలు, బ్లూ 6. టేక్‌డౌన్ (నిలబడ్డోణ్ణి పడగొట్టుడు), స్వీప్, పొట్ట మీద మోకాలు 2 చొప్పున, గార్డ్ పాస్ 3, మౌంట్, బ్యాక్ (వీపు వెనుక నుంచి పట్టుడు) 4 చొప్పున, ఏదైనా 3 సెకన్లు నిలబెట్టాలె. పట్టు లేకుండ ఊకె కూసుంటే పెనాల్టీ. అన్నిటికంటే ఎక్కువమంది మోసపోయేది ఇక్కడ: ఎదుటోడు ముందే నీ కాలు పట్టుకొని టేక్‌డౌన్‌కు వస్తున్నడు, నువ్వు కంగారుల గార్డ్‌లోకి గుంజినవ్, అప్పుడు నువ్వు గుంజినట్టు లెక్క కాదు, వాడు పడగొట్టినట్టు లెక్క, వానికి 2. కాబట్టి వాని చెయ్యి నీ ప్యాంటు మీద పడకముందే గుంజాలె, పడితే ముందు విడిపించుకోవాలె. ఏడీసీసీ రూల్స్‌ల పాయింట్లు మొదలైనంక గార్డ్‌లోకి గుంజితే నీకే మైనస్ 1. ఏ పోటీకి పేరు ఇస్తున్నవో ఆ రూల్ బుక్ ముందు రోజు చదువుకో, పొద్దున బైక్ మీద గచ్చిబౌలి ట్రాఫిక్‌ల కాదు.

రోడ్డు మీద కొట్లాటల గార్డ్ గుంజుతావా అని మా బావ ప్రతి పెండ్లిల అడుగుతడు. గుంజ. తారు రోడ్డు మీద వీపు పెట్టేటంత పిచ్చి లేదు నాకు.

ప్రాక్టీస్

మొదటి వారం ఎదురు బలం లేకుండ, పైకే అనుకుంట చెయ్యి: పట్టు, పాదం, పిర్ర. ఒక్కో దిక్కు 20 సార్లు, మెల్లగ. పార్ట్‌నర్ బొమ్మ లెక్క నిలబడితే చాలు. రెండో వారం పార్ట్‌నర్ నీ దిక్కు నడుచుకుంట రావాలె, నువ్వు వాని అడుగు చూసి గుంజాలె, ఇక్కడ వేగం కాదు, టైము. మూడో వారం నుంచి వాడు తోయాలె, ఒరగాలె, పట్టు విడిపించుకోవాలె, ఏది చేసినా వాని ఇష్టం, నువ్వు ఆ మూడిట్ల దేనికి గుంజాలె, దేనికి మడిమ అందుకోవాలె చూసుకో. ప్రతి రౌండ్ నిలబడే మొదలు పెట్టు, మోకాళ్ల మీద నుంచి మొదలు పెట్టే అలవాటు మన దగ్గర మ్యాట్ ఇరుకు వల్ల వచ్చింది, దాంతోని ఈ ముచ్చట ఎన్నడూ రాదు. జాగ లేకుంటే ఒక జంట నిలబడి, మిగతా జంటలు గోడకు ఆనుకొని చూడుర్రి, వంతులు వేసుకోండి.

10 సార్లు గుంజితే ఎన్నిసార్లు వాని చెయ్యో మోకాలో మ్యాట్‌కు తాకిందో లెక్క పెట్టమని పార్ట్‌నర్‌కే చెప్పు, నీ లెక్క నమ్మకు. నాకు మొదటిసారి పదింటికి రెండు వచ్చినయి.

మొన్నటి తమ్మునికి ఇదంతా ఒక గంట కూసోబెట్టి చెప్పిన, అవతల ఇరానీ చాయ్ కొట్ల. ఈ శనివారం మళ్ల వచ్చిండు. గల్లా పట్టిండు, స్లీవ్ పట్టిండు, ఒక తోపు తోసిండు, నేను తిరిగి తోసిన, అంతే, కింద ఎప్పుడు కూసున్నడో తెల్వలే, నా ఎడమ చెయ్యి, రెండు మోకాళ్లు మ్యాట్ మీద ఉన్నయి. ఆయన మొహం వెలిగిపోయింది. "అన్నా, తాకింది! చెయ్యి తాకింది!" అని గట్టిగ అరుచుకుంట అటు దిక్కు కూసున్నోళ్లకు చూపిస్తున్నడు. కాళ్లు కట్టుడు మర్చిపోయిండు. నేను మెల్లగ దాటి పోయి ఛాతీ మీద కూసున్న.